కాటాకి ఆలస్యంగా వెళ్ళిన బండి

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇప్పుడు అమ్మకానికి ఉన్న సామాను ఇది: ఒక ఎలక్ట్రిక్ వించ్, అది బిగించడానికి చేయించిన ఇనప బంపరు, నాలుగడుగుల ఫార్మ్ జాక్, ప్లైవుడ్ సొరుగుల పెట్టె, రెండు జెర్రీ క్యాన్లు, బండి పైన విప్పుకునే టెంటు. ఫోన్ చేసినవాళ్ళు ముందుగా అడిగేది "పనిచేస్తున్నాయా అండీ?" అని. అన్నీ పనిచేస్తాయి. వాటితో నాకు పని పడలేదు, అంతే. రెండో ప్రశ్న "మరెందుకు కొన్నారు?" అని. ఫోన్లో అంతసేపు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. మన శ్రీసిటీలో తయారయ్యేదే. అక్కడ ఫ్యాక్టరీ మొదలైన 2016లోనే ఈ మోడలూ వచ్చింది. అప్పటిదాకా మన ఊళ్ళలో పికప్ అంటే కూరగాయలకో, కోళ్ళ గంపలకో, షామియానా సామాన్లకో పనికొచ్చే బండి. అందుకే ఇంటికి తెచ్చిన రోజు మా నాన్నగారు చుట్టూ తిరిగి చూసి, "దీనిమీద ఏం వ్యాపారం చేద్దామనిరా?" అన్నారు. వ్యాపారం కాదు, లద్దాఖ్ వెళ్తామన్నాను. "మరి మనుషులు వెళ్ళడానికి వెనక అంత ఖాళీ ఎందుకు?" అన్నారు. అది మంచి ప్రశ్న. నేను మాత్రం ఆ ఖాళీని నింపడం మొదలుపెట్టాను.

నా గురువులు ఆస్ట్రేలియా వాళ్ళు. రాత్రిళ్ళు అన్నం తింటూ వాళ్ళ వీడియోలు చూసేవాణ్ణి. ఎర్రమట్టి ఎడారిలో పికప్ ఆపి, పక్క రేకు పైకెత్తి, సొరుగు లాగి, ఫ్రిజ్‌లోంచి మాంసం తీసి వండుకుంటారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! అక్కడ వందల కిలోమీటర్లు మనిషి కనిపించని దారులున్నాయి. నీళ్ళు, డీజిలు, పడక అన్నీ వెంట మోసుకెళ్ళకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో అలా మనిషి అలికిడి లేని చోటు కావాలంటే వెతుక్కోవాలి. బారాలాచా కనుమ దాటినా సీజన్లో గుడారం వేసుకుని టీ, మ్యాగీ అమ్మేవాళ్ళు ఉంటారు. ఆస్ట్రేలియా వాళ్ళ అవసరాలకి పుట్టిన సామాన్లన్నీ నా అవసరాలనుకోవడం మొదటి తప్పు.

రెండో తప్పు అంకె చూడకపోవడం. అక్కడ ఈ తరహా పికప్‌లు టన్ను దాకా మోస్తాయని వీడియోల్లో చెబుతారు. మన దగ్గర అదే తరహా బండిని ప్రైవేటుగా రిజిస్టరు చేస్తే కాగితాల్లో అంత ఉండదు, బాగా తగ్గుతుంది. లెక్క కష్టమైనదేమీ కాదు. ఛాసిస్ ప్లేటు మీద బండి సామానుతో సహా ఉండదగిన మొత్తం బరువు రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనకి ఉన్న జాగా. అందులోనే మనుషులు, వాళ్ళ బట్టలు, నీళ్ళు, పైన బిగించిన ప్రతి బోల్టూ రావాలి. మనుషుల్ని అందులో లెక్కవేయాలన్న సంగతి నాకు తట్టనే లేదు. సామాను వేరు, మనుషులు వేరు అనుకున్నాను. సీట్లు ఇచ్చినవాడు కూర్చునేవాళ్ళ బరువు చూసుకోకుండా ఉంటాడా అని ధీమా.

ఇక కొనడం చూడండి. ఫైబర్ క్యానపీ 60 కిలోల దాకా ఉంటుంది. టెంటు ఇంకో 60. దాన్ని నిలబెట్టే ఇనప ఫ్రేము. పద్ధెనిమిది ఎంఎం ప్లైవుడ్‌తో సొరుగుల పెట్టె చేయించాను, బరువుకి వంగకూడదని స్టీలు రన్నర్లు వేయించాను. ఖాళీదే ఇద్దరు మనుషులు ఎత్తలేకపోయారు. ఫ్రిజ్ 20, అందులో సరుకు మరో 20. రెండో బ్యాటరీ, అదీ లారీలకి వేసే సీసం బ్యాటరీ, 30 కిలోల పైమాటే. నీళ్ళ ట్యాంకు 40 లీటర్లు. వించ్, బంపరు కలిపి అన్నిటికంటే బరువు. ఒక్కోటి కొనేటప్పుడు "ఇరవై కిలోలే కదా, ముప్పై కిలోలే కదా" అనుకున్నాను. కూడిక ఎక్కడా వేయలేదు. ఖర్చు మాత్రం డైరీలో పైసలతో సహా రాశాను. పక్కనే కిలోలకి ఇంకో గడి గీసి ఉంటే ఈ వ్యాసం అవసరం వచ్చేది కాదు.

వెనక భాగం కిందికి దిగిపోయిందని నాకూ కనిపించింది. కమాన్ పట్టీలు కట్టే షాపుకి వెళ్ళి చెరొక పట్టీ అదనంగా వేయించాను. బండి పైకి లేచింది. సంతోషించాను. చాలామంది పడే పొరపాటు ఇదే కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. అదనపు పట్టీ వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది. బండి మోయగలిగే బరువు పెరగదు. యాక్సిల్ అదే, బ్రేకులు అవే, ఛాసిస్ అదే, వీల్ బేరింగులు అవే. వంగి చెప్పాల్సిన పట్టీ వంగడం మానేసింది, అంతే. అధిక బరువు మోస్తున్న సంగతి మనకి తెలిపే ఒకే ఒక్క గుర్తుని డబ్బిచ్చి చెరిపించుకున్నాను. పైగా కొత్త పట్టీ వంపు పాతవాటి వంపుతో సరిగ్గా కుదరకపోతే ఒత్తిడంతా ఒకే చోట పడుతుంది. దాని ఫలితం తర్వాత చూశాను.

బంపరు కథ చిన్నదే. బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ సంగతి గట్టిగానే చెప్పింది. ముందు బిగించే బుల్ బార్‌ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దినప్పుడు ఎదుటి పాదచారికి ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడంలోనూ తేడా రావచ్చు. ఇవన్నీ చలానా కట్టాక చదువుకున్నాను. కట్టింది న్యాయంగానే కట్టాను. అంతకంటే భయపెట్టింది వేరే: అనుమతి లేని మార్పులుంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము నిరాకరించే వీలుంటుందట. బంపరు విప్పించేశాను, కానీ వించ్ మీద మమకారం చావలేదు. దాన్ని తీసుకెళ్ళి వెనక బాడీలో పెట్టాను, అవసరమైతే ముందు కట్టుకోవచ్చని ఒక ప్లేటు చేయించి.

బయల్దేరేముందు పరీక్షగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగాను. ఒక్కణ్ణే వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు ఖాళీ, ఫ్రిజ్ ఖాళీ, జెర్రీ క్యాన్లు ఖాళీ, పక్క సీట్లు ఖాళీ. బండి బ్రహ్మాండంగా ఉందని ఇంటికొచ్చి చెప్పాను. పరీక్ష అంటే వెళ్ళబోయే బరువుతో వెళ్ళాలి కదా!

మా ఆవిడ, మా బావమరిది, వాడి భార్య, నేను హైదరాబాదులో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. మొదటి రాత్రే ఎదురొచ్చే ప్రతి లారీ లైట్లు కొట్టింది. "ఏం డ్రైవర్లో, ఒళ్ళు తెలియదు" అని తిట్టుకున్నాను. వెనక కుంగి ముందు లేచిన బండి లైట్లు వాళ్ళ కళ్ళలో పడుతున్నాయని, అసలు ఒళ్ళు తెలియనిది నాకేనని తర్వాత అర్థమైంది. అదనపు పట్టీ వేసినా మనుషులు ఎక్కాక మళ్ళీ కుంగింది. ఇంకో సంగతి కూడా ఉంది: రెండో స్టెప్నీని, డీజిలు క్యాన్లని అందంగా ఉంటుందని వెనక తలుపు మీద బిగించాను. వెనక యాక్సిల్ దాటి వేలాడే బరువు ముందు చక్రాల మీది బరువుని పైకి లేపుతుంది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందని నేను మురిసిపోయాను.

ఆదిలాబాద్ దాటాక క్యాబిన్లో కాలిన వాసన వచ్చింది. ఫ్రిజ్ కోసం బ్యాటరీ నుంచి వెనక్కి లాగిన వైరు నా సొంత తెలివి. ఇంట్లో స్విచ్ బోర్డులకి వాడగా మిగిలిన 1.5 స్క్వేర్ ఎంఎం వైరు ఉంటే వృథా ఎందుకని అదే వేయించాను. బండి ముందునుంచి వెనక్కి అయిదు మీటర్లు, తిరిగి అయిదు. ఫ్రిజ్ గట్టిగా నడిచేటప్పుడు 8 ఆంపియర్లు లాగితే ఆ సన్నని తీగలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. బ్యాటరీలో ఛార్జింగు ఉన్నా ఫ్రిజ్‌కి అందేది తక్కువ వోల్టేజి, కాబట్టి బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోయేది. నేను ఫ్రిజ్‌ని అనుమానించాను. అది చిరాకు మాత్రమే. ప్రమాదం ఎక్కడుందంటే, ఫ్యూజు ఫ్రిజ్ పక్కన పెట్టించాను. ఫ్యూజు వైరుని కాపాడడానికి. అది బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలో ఉండాలి. ఛాసిస్ అంచుకి రాసుకుని వైరు తొడుగు చిరిగినప్పుడు, ఆ చోటుకీ బ్యాటరీకీ మధ్య ఆపడానికి ఏమీ లేదు. మా బావమరిది "బావా, బండాపు" అని అరిచి, బానెట్ ఎత్తి వైరు పీకేశాడు. వెనక జెర్రీ క్యాన్లతో వెళ్తున్నవాళ్ళకి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఈ ఫ్యూజు ముక్క గుర్తుపెట్టుకోండి.

క్యాన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మనాలీ నుంచి 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి వెళ్తే తాండిలో పెట్రోలు బంకు వస్తుంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అన్న బోర్డుతో ఆ బంకు ప్రసిద్ధికెక్కింది. ఆ బోర్డు ఫొటో చూసే క్యాన్లు కొన్నాను. బరువెక్కిన బండి లీటరుకి 10 కిలోమీటర్లు ఇచ్చినా 365కి కావలసింది 37 లీటర్లు. నా ట్యాంకులో అంతకి చాలా ఎక్కువ పడుతుంది. నాలుగో తరగతి భాగహారం. లీటరు డీజిలు 830 గ్రాముల లెక్కన ఆ రెండు క్యాన్లూ, వాటి ఇనుమూ కలిసి 40 కిలోలు హైదరాబాదు నుంచి ఊరికే మోశాను.

సర్చూలో టెంటు వేశాం. 14 వేల అడుగుల ఎత్తు. పొద్దున్నే కాఫీకి స్టవ్ వెలగలేదు. దాని గ్యాసు డబ్బాలో ఉండేది బ్యూటేన్. గట్టి చలిలో అది ద్రవంగానే ఉండిపోతుంది, సరిగా ఆవిరి కాదు, మంట రాదు. కొన్న షాపులో వాళ్ళని ఏమనను, నేను వెళ్ళే చోటు చెప్పి అడగలేదు. ఎండ వచ్చాక వెలిగింది కానీ కందిపప్పు ఉడకలేదు. అంత ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఎంతసేపు మరిగినా పప్పు గట్టిగానే ఉంటుంది. మా ఆవిడ తెస్తానన్న కుక్కరుని బరువని నేనే వద్దన్నాను. వించ్ తెచ్చి, కుక్కరు వద్దన్నాను! ఆ మాట ఆవిడ ఇప్పటికీ పదిమందిలో చెబుతుంది. కందిపొడి ఉందిలే అనుకుంటే, క్యానపీ వెనక సందుల్లోంచి దారి పొడుగునా దుమ్ము లోపలికి చొరబడి డబ్బా మూతల దాకా చేరింది. వెళ్ళే బండి వెనక గాలి సుడులు తిరిగి దుమ్మును లోపలికి తోస్తుంది. మంచి రబ్బరు బీడింగు వేయిస్తే ఆగేది.

టెంటు నిచ్చెన ఎక్కేముందు కూడా ఆవిడే, "ఇంట్లో అటక ఎక్కనిదాన్ని ఇక్కడెక్కిస్తున్నారు" అంది. ఒకసారి టెంటు విప్పితే బండి కదలదు. బండి చదునుగా నిలవాలి. రాత్రి ఊపిరి తడి అంతా గుడ్డకి పట్టి, తెల్లారి తడిదే మడిచి పెట్టుకోవాలి. లద్దాఖ్ ఊళ్ళలో ఇళ్ళలోనే గది ఇచ్చి అన్నం పెడతారు. అడవుల్లో అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ దిగి పడుకోవడం మన దగ్గర కుదరదు. మన అమ్రాబాద్ పులుల అడవిలోంచి శ్రీశైలం వెళ్ళే దారినే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. టెంటు వాడిన రాత్రులు చాలా తక్కువ, మోసింది మాత్రం దారంతా.

సర్చూ దాటాక నది పక్కన డైవర్షన్లో వదులు కంకరలోకి దిగి బండి కూరుకుపోయింది. ఖాళీ బండి అయితే దాటేసేది. వించ్ గుర్తొచ్చింది, ఎట్టకేలకు దాని రోజు వచ్చిందని సంబరపడ్డాను కూడా. ప్లేటు బిగించి, తాడు లాగి, దేనికి కట్టాలా అని చూస్తే కనుచూపు మేర చెట్టు లేదు. ఆ ప్రాంతం మొత్తంలో లేదు. లద్దాఖ్ చలి ఎడారి అని బడిలో చదువుకున్నదే. చెట్టుకి కట్టి లాగే యంత్రాన్ని చెట్లు లేని చోటికి తీసుకెళ్ళిన ఘనత నాది.

ఒక లారీ ఆగింది. పంజాబీ డ్రైవరు దిగి, తాడు ఎక్కడ కట్టమంటావని అడిగాడు. ముందు కింద ఉన్న చిన్న కొక్కెం చూపించాను. ఆయన వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్ళి చూసి, అది కొత్త బండిని లారీ మీద కట్టి తెచ్చేటప్పుడు బిగించే కొక్కెమనీ, దానికి తాడు కట్టి లాగితే ఊడి మనిషి తలకి తగులుతుందనీ చెప్పాడు. తాడు మాట వదిలేసి, టైర్లలో గాలి తీయమన్నాడు. 20 పీఎస్ఐ దాకా దించి, చక్రాల ముందు కంకర పారతో లాగేసి, ఫోర్ వీల్ లో గేరులో నెమ్మదిగా వదిలితే బండి దానంతటదే బయటికి వచ్చింది. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటున పడుతుంది. పారకి నేను పెట్టింది అన్నిటికంటే తక్కువ డబ్బు.

కిందికి వెళ్ళిన మనిషి ఇంకొకటి కూడా చూశాడు. ఎడమ వెనక పెద్ద పట్టీ అడ్డంగా పగిలి ఉంది. ఎదురుగా గాటా లూప్స్, 21 మలుపుల ఎక్కుడు. చెక్క ముక్క అడ్డం పెట్టి, ఇనప తీగతో బిగించి, నా సామాను సగం తన లారీలో వేసుకున్నాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. టీ తాగి, ఇంత ఇనుము ఎందుకు తెచ్చావని మాత్రం అడిగాడు. దారిలో ఇబ్బంది వస్తే అన్నాను. ఆయన నవ్వలేదు, తల ఊపి వెళ్ళిపోయాడు.

లేహ్‌లో పట్టీ మార్పించి, టెంటు, జాక్, వించ్, క్యాన్లు, రెండో స్టెప్నీ ట్రాన్స్‌పోర్టులో ఇంటికి పార్శిల్ చేశాను. ఆ గుమాస్తా అన్నిటినీ కాటా మీద పెట్టి రసీదు రాశాడు. నా సామాను తూకం వేసిన మొదటి మనిషి ఆయనే. అక్కణ్ణుంచి బండి వేరే బండి అయింది. బ్రేకు వేస్తే ఆగింది, మలుపులో ఒరగలేదు, రాత్రి లారీలు లైట్లు కొట్టలేదు. ఇంటికొచ్చాక రైస్ మిల్లు పక్కన వేబ్రిడ్జికి వెళ్ళి, నలుగురినీ ఎక్కించి తూయించాను. పార్శిల్ రసీదు అంకె దానికి కలిపితే, ఛాసిస్ ప్లేటు మీది అంకెని మూడొందల కిలోలకి పైగా దాటి తిరిగానని తేలింది.

ఇప్పుడు బండిలో ఉండేవి: కంపెనీ సైజులోనే బరువుకి తగిన మంచి టైర్లు, బ్యాటరీకి నేరుగా తగిలించుకునే గాలి పంపు, టైరు గేజి, పంక్చర్ కిట్, పార, లాగడానికి సరైన చోటు చూసి బిగించిన కొక్కెం, తాడు, నీళ్ళ క్యాను, టార్పాలిన్. కుక్కరు. బరువైనవన్నీ క్యాబిన్ గోడకి ఆనించి కింద పెడతాను, వెనక తలుపు మీద ఏమీ ఉండదు. వెళ్ళేముందు టైర్లలో గాలి నిండు బరువుకి కంపెనీ రాసిన అంకె దాకా నింపుతాను. ఖాళీ బండికి వేరు, నిండు బండికి వేరు అంకెలుంటాయి, అది కూడా నేను ఆలస్యంగానే చదివాను. ఫ్రిజ్ ఉంది, కానీ దాన్ని లావు వైరుతో, సరైన చోట ఫ్యూజుతో మళ్ళీ వేయించాను. వేసవిలో పెరుగు కోసం అది నాకు కావాలి, ఆ బలహీనత ఒప్పుకుంటాను.

పికప్ కొని సామాన్ల పట్టీ రాసుకుంటున్నవాళ్ళు ఏమీ బిగించకముందే ఒక పని చేయండి. ట్యాంకు నిండా డీజిలు కొట్టించి, వెంట వచ్చేవాళ్ళందరినీ ఎక్కించుకుని, దగ్గర్లో వేబ్రిడ్జి ఎక్కండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా కూడా తూయమని అడగండి, తూస్తారు. ఛాసిస్ ప్లేటు అంకెలోంచి ఆ చీటీ అంకె తీసేయండి. ఎన్ని కిలోలు మిగిలాయో చూసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి. టెంటు ఇంకా అమ్ముడుపోలేదు.